కెమెరా మన ఇంట్లో, తాళంచెవి ఎవరింట్లో?

పోచంపల్లిలో మా అత్తమ్మ వాళ్ల ముందుగది పగలు మగ్గం గది, రాత్రి పడకగది. నడిమధ్య గుంట మగ్గం. కిటికీ పక్కన నూలు పోసే ఆసు. దండెం మీద రంగు ఆరుతున్న నూలు చిలపలు. ఆ వెనక బీరువా, అందులో నేసి మడతపెట్టిన చీరలు. మొన్నొక ఆదివారం పోతే, తలుపు పైమూలలో తెల్లటి గుండ్రటి కెమెరా ఒకటి కొత్తగా కనిపించింది. పెళ్లికో, యాదగిరిగుట్టకో ఇంటిల్లిపాదీ పోయినప్పుడు చీరల మీద కన్నుండాలని పెట్టించుకున్నారట. తప్పు పట్టడానికేమీ లేదు. ఆ బీరువాలో నెలల కష్టం ఉంది.

కాకపోతే కెమెరా కన్ను బీరువాతో ఆగదు. బీరువాకు ముందు ఆసు ఉంది. ఆసు ముందు పొద్దంతా కూచునేది అత్తమ్మ, ఆమె కోడలు. కోడలికి చంటిబిడ్డ. రాత్రి పరుపులు పరిచేదీ అక్కడే.

"అత్తమ్మా, దీని పాస్‌వర్డ్ ఏంది?" అన్నాను.

"నాకేం ఎరుక బిడ్డా, పెట్టిపోయిన పిలగానికే ఎరుక" అన్నది.

ఆ పిలగాడి నంబరు కెమెరా పక్కనే గోడకు అంటించిన స్టిక్కర్ మీద ఉంది. ఫోన్ చేశాను. "అడ్మిన్ వన్ టూ త్రీ అన్నా. మేం అందరికీ గదే పెడ్తం, యాదికుంటదని" అన్నాడు మర్యాదగా. నేనెవరినో, ఎందుకడుగుతున్నానో అడగలేదు. అత్తమ్మ గదిని రాత్రీపగలూ చూడగల తాళంచెవిని ముక్కూమొహం తెలియని గొంతుకు అర నిమిషంలో ఇచ్చేశాడు. అతని మీద నాకు కోపం లేదు. రోజుకు నాలుగిళ్లలో నిచ్చెనెక్కి తీగలు లాగే మనిషి. తాళంచెవి అంటే ఏమిటో అతనికీ ఎవరూ చెప్పలేదు.

ఆ మాట వినగానే నాకు రాజ్‌కోట్ గుర్తొచ్చింది.

2025 ఫిబ్రవరిలో, గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి కెమెరాల దృశ్యాలు యూట్యూబ్‌లో కనిపించాయి. డాక్టరు పరీక్ష చేస్తుండగా, నర్సు ఇంజెక్షన్ ఇస్తుండగా తీసినవి. పూర్తి వీడియో కావాలంటే ఫలానా టెలిగ్రామ్ గ్రూపుకు రమ్మని కింద రాసి ఉంది. గ్రూపులో ఒక్కో వీడియో ధర 700 రూపాయల నుంచి 4,000 దాకా. అహ్మదాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు తీగ లాగితే డొంక దేశమంతా పాకి ఉంది. ఆసుపత్రులు, బడులు, ఆఫీసులు, సినిమా హాళ్లు, ఇళ్లలోని పడకగదులు... సుమారు 80 చోట్ల కెమెరా వ్యవస్థల్లోకి దూరి 50 వేల దాకా వీడియో ముక్కలు దొంగిలించారని దర్యాప్తులో బయటపడ్డట్టు పత్రికలు రాశాయి. ఇంత పనికి నేరగాళ్లు వాడిన విద్య ఏదో గొప్పదనుకుంటాం. ఆ ఆసుపత్రి పాస్‌వర్డ్ అడ్మిన్123. తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ వరసపెట్టి ప్రయత్నించే ప్రోగ్రామ్‌కు అది మొదటి వరసలోనే తగిలే మాట.

కాన్పు కోసమో, కడుపునొప్పి కోసమో ఆ ఆసుపత్రి గడప తొక్కిన ఆడవాళ్లు ఏ తప్పూ చేయలేదు. కెమెరా వాళ్లది కాదు, పాస్‌వర్డ్ వాళ్లది కాదు, అక్కడ కెమెరా ఉండాలా వద్దా అని వాళ్లనెవరూ అడగలేదు. మార్చని పాస్‌వర్డ్ చేసే అన్యాయం ఇదే. పెట్టినవాడి అలసటకు మూల్యం కట్టేది కెమెరా ముందున్న మనిషి.

ఇంతకీ ఈ 'అడ్మిన్' ఎక్కడి నుంచి వచ్చింది? కంపెనీలో కెమెరా తయారయ్యాక పెట్టెలో పెట్టి పంపేటప్పుడు, కొన్నవాడు మొదటిసారి లోపలికి పోవడానికి ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్ వేసి పంపుతారు. లక్ష కెమెరాలు తయారైతే లక్షకూ అదే. పెట్టెలోని చిన్న పుస్తకంలో అచ్చేసి ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతికినా దొరుకుతుంది. బిగించిన రోజే మార్చుకోవాలని ఆ పుస్తకంలోనే రాస్తారు, ఎవరూ చదవరు. ఈమధ్య వచ్చే మంచి రకాలు మొదటిసారి తెరవగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిదే ముందుకు పోనివ్వవు. అయినా బిగించేవాళ్లు ఊరందరికీ కలిపి ఒకటే పెడితే, కంపెనీ మానుకున్న తప్పును మనం మళ్లీ మొదలుపెట్టినట్టే. ఇంకొంచెం ఘోరం కూడా. కంపెనీ పాస్‌వర్డ్ పనిచేసేది ఆ కంపెనీ కెమెరాలకే. ఊరి పిలగాడి పాస్‌వర్డ్ వీధిలోని అన్ని ఇళ్లకూ పనిచేస్తుంది.

ఒకే అచ్చులో పోసిన ఈ తాళంచెవులు ఏం చేయగలవో ప్రపంచం 2016లో చూసింది. అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు, 20 ఏళ్లు అటూ ఇటూ వయసువాళ్లు, మిరాయ్ అని ఒక ప్రోగ్రామ్ రాశారు. మైన్‌క్రాఫ్ట్ అనే పిల్లల ఆట నడిపే సర్వర్ల మధ్య వ్యాపారపు పోటీ దాని మూలం. జపాన్ భాషలో మిరాయ్ అంటే భవిష్యత్తు. ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రసులను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోవడం, కెమెరానో రౌటరో పలికితే 60కి పైగా కంపెనీ పాస్‌వర్డ్‌ల జాబితాను దాని మీద ప్రయోగించడం, ఒకటి తగిలితే లోపల కూర్చొని అక్కడి నుంచి మళ్లీ ఇంకో తలుపు తట్టడం. అంతే దాని పని. అడ్మిన్-అడ్మిన్ ఆ జాబితాలో ఉంది. 123456 ఉంది. ఆరు ఎనిమిదులు కూడా ఉన్నాయి. ఇలా లక్షల పరికరాలు లొంగిపోయాయి. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో ప్రోగ్రామ్‌ను వాళ్లే బయటపెట్టడంతో అది ఎవరికి కావాలంటే వాళ్ల చేతికి ఆయుధమైంది. అక్టోబరు 21న డైన్ అనే కంపెనీ మీద ఇలాంటి పరికరాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. వెబ్‌సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చి చెప్పే కంపెనీ అది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటివి గంటల తరబడి అమెరికాలో చాలామందికి అందలేదు. తొలి ప్రోగ్రామ్ రాసిన ముగ్గురూ 2017 డిసెంబరులో నేరం ఒప్పుకున్నారు. వాళ్లు రాసిన దానికి పుట్టిన పిల్లలు మాత్రం నేటికీ ఇంటర్నెట్‌లో తలుపులు తడుతూనే ఉన్నాయి.

మిరాయ్ కథలో నన్ను పట్టి ఆపింది ఒక చిన్న సంగతి. అది కెమెరా మెమరీలో మాత్రమే ఉంటుంది. స్విచ్ తీసి వేస్తే పోతుంది. కానీ పాస్‌వర్డ్ మార్చకుండా మళ్లీ ఇంటర్నెట్‌కు తగిలిస్తే కొన్ని నిమిషాల్లోనే తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఆ తలుపుల మీద తట్టుడు అంత ఎడతెరపి లేకుండా సాగుతుందన్నమాట. 'మా ఇంట్లో ఏముందని మా కెమెరా జోలికి వస్తారు' అని అత్తమ్మ అన్నప్పుడు నేను చెప్పింది ఇదే. వచ్చేవాడికి మన ఇల్లని తెలియదు, పోచంపల్లి అని తెలియదు. వాడు అన్ని తలుపులూ తడతాడు. తెరుచుకున్న తలుపులో ఏముందో ఆ తర్వాత చూస్తాడు.

దక్షిణ కొరియా సంగతి చూడండి. అక్కడి పోలీసులు 2025 నవంబరు చివర్లో నలుగురిని పట్టుకున్నట్టు ప్రకటించారు. వాళ్లు దూరిన కెమెరాలు సుమారు 1,20,000. ఎక్కువభాగం ఇళ్లవి, చిన్న దుకాణాలవి. ఒకే అక్షరం మళ్లీమళ్లీ కొట్టినవి, వరుస అంకెలు పెట్టినవి ఆ పాస్‌వర్డ్‌లు. చదువుకున్న దేశం, ఇంటర్నెట్‌లో మనకంటే ఎంతో ముందున్న దేశం.

మళ్లీ పోచంపల్లికి వస్తాను. ఈ ఊరికి చూపించడం కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే సభలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిస్తానని నిలబడ్డప్పటి నుంచి ఈ ఊరిని లోకం చూస్తూనే ఉంది. ఇక్కడి ఇక్కత్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది, 2023 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చి నేతన్నలతో మాట్లాడి వెళ్లారు. ఆదివారమైతే హైదరాబాద్ నుంచి కార్లు వస్తాయి. వచ్చినవాళ్లు ఫోన్లు పైకెత్తితే, మగ్గం మీదున్న మనిషి పలక ఆడించడం ఆపి, ఒక నవ్వు నవ్వి, మళ్లీ నేస్తాడు. గడపలో నిలబడి 'రావచ్చా' అని అడిగిన మనిషికి ఇక్కడ కాదన్న మాట నేను వినలేదు. చూడనివ్వడం మన ఇష్టం మీద జరిగే పని. పరుపు పరిచే వేళ ఎవడో చూడటానికి ఎవరి అనుమతీ లేదు.

నేతన్నల ఊళ్లకు ఈ సంగతి ఎందుకు మరింత ముఖ్యమంటే, ఇక్కడ ఇల్లే కార్ఖానా. నగరంలో దుకాణానికి కెమెరా పెడితే దుకాణం కనిపిస్తుంది, ఇల్లు వేరే చోట ఉంటుంది. పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక లాంటి ఊళ్లలో సరుకును కాపాడే కెమెరా సంసారాన్ని కూడా చూస్తుంది. అందులోనూ ఆసు, రాట్నం, కండెలు చుట్టడం ఎక్కువగా ఆడవాళ్ల పని. కెమెరా ముందు ఎక్కువసేపు ఉండేది వాళ్లే, దాని యాప్ లేనిదీ వాళ్ల ఫోన్లలోనే.

ఇంకొకటుంది. చిటికి కట్టే ఇళ్లలో గీత కాగితం మీద వేసుకున్న డిజైనే ఆస్తి. ఏ పోగు ఎక్కడ రంగు తాగాలో, ఎక్కడ తాగకూడదో ఆ గళ్లలో ఉంటుంది. దాన్ని బట్టే సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో కట్లు కడతారు. పడుగూ పేకా రెండూ అలా రంగులద్దుకొని మగ్గం మీద కలిసినప్పుడు పువ్వు విచ్చుకుంటుంది. కొత్త డిజైను సంతలోకి రాకముందే దాని నకలు అచ్చు వేసిన చీరల మీద వస్తే ఎంత నష్టమో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. కెమెరా ద్వారా డిజైను పోయిన సంఘటన నా ఎరుకలో లేదు. కానీ ఎదుటి మగ్గంవాడికి కూడా చూపించకుండా ట్రంకుపెట్టెలో దాచుకునే కాగితాన్ని, అడ్మిన్ వన్ టూ త్రీ కింద పరిచి కట్లు కట్టడం ఏ నేతగాడికీ ఇష్టం ఉండదు, తెలిస్తే.

కెమెరాలొద్దని నేననను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన బాంబులు చూసిన నేల ఇది. అదే ఏడాది వచ్చిన ప్రజాభద్రత చట్టం, జనం గుమిగూడే దుకాణాలు, హాళ్లు, ఆసుపత్రులకు కెమెరాలు తప్పనిసరి చేసింది. ఆపైన 'నేను సైతం' అంటూ పోలీసులు కాలనీలతో, గ్రామాలతో చందాలు వేయించి కూడళ్లలో కెమెరాలు పెట్టించారు. దొంగతనాలు, తప్పిపోయిన పిల్లల కేసులు తేలడంలో అవి పనికొచ్చాయి. పెట్టమని చెప్పినంత గట్టిగా, పెట్టాక తాళం మార్చమని చెప్పారా? ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్ చేసిన రోజే పాస్‌వర్డ్ మార్చి, అది ఎవరి దగ్గర ఉండాలో రాసిపెట్టుకుంటే ఎంత బాగుండేది!

పోలీసులకూ ఈ నొప్పి తెలుసు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోకి ఒకడు దూరి ప్రజల వివరాలు అమ్మకానికి పెట్టాడు. సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, గ్రేటర్ నోయిడాలో 20 ఏళ్ల విద్యార్థిని పట్టుకుంది. బలహీనమైన లేదా ముందే బయటికి పొక్కిన పాస్‌వర్డ్ దీనికి దారిచ్చి ఉండవచ్చని పోలీసులు అప్పుడు చెప్పారు. అక్కడే అలా జరిగినప్పుడు గుంట మగ్గం ఉన్న ఇంట్లో జరగదని ఎలా అనుకుంటాం?

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక పని మొదలుపెట్టాను. బావ పక్కన కూచున్నాడు. కెమెరా తీగ బీరువా మీదున్న నల్లటి రికార్డర్ పెట్టెలోకి పోతుంది, ఆ పెట్టె నుంచి ఇంకో తీగ రౌటర్‌కు పోతుంది. ముందు రికార్డర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. "మా మగ్గం నంబరు పెడదామా, నా ఫోన్ నంబరు పెడదామా?" అన్నాడు బావ. రెండూ వద్దన్నాను. ఫోన్ నంబరు ఊరందరికీ తెలుసు. ఊరి పేరు, పిల్లల పేరు, బండి నంబరు కూడా అంతే. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు తీసుకొని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే చాలు. పొడుగు ముఖ్యం. 'రేగుపండు' అని ఒకటి, 'పాతగడియారం' అని ఇంకొకటి, అలా. మనకు బొమ్మలా గుర్తుంటుంది, ప్రోగ్రామ్ ఊహించేసరికి యుగాలు పడుతుంది. మాది ఏమిటో ఇక్కడ రాయను.

తర్వాత చూడాల్సింది ఆ కెమెరా ఇంకా ఎవరెవరి ఫోన్లలో ఉందో. యాప్‌లో 'షేర్ చేసినవారు' అని ఒక వరస ఉంటుంది. అత్తమ్మ ఇంటి కెమెరా మూడు ఫోన్లలో తెరుచుకొని ఉంది. ఒకటి బావది. ఒకటి బిగించిన పిలగాడిది, పరీక్షించడానికి ఎక్కించి తీయడం మరిచాడు. మూడోది ఎవరిదో బావకూ తెలియలేదు. గదిలో ఎవరమూ మాట్లాడలేదు. కోడలు చంటిబిడ్డను ఎత్తుకొని లోపలికి వెళ్లింది. ఆ రెండు ఫోన్లనూ తీసేశాను. పిలగాడికి ఫోన్ చేస్తే, ఆ మూడోది దుకాణంలో అందరూ వాడే ఫోన్ అన్నాడు. అయి ఉండవచ్చు. ఆ దుకాణంలో ఎవరు కూచుంటారో, రాత్రి ఆ ఫోన్ ఎవరింటికి పోతుందో మాకు తెలియదు కదా.

ఆపైన రౌటర్. రౌటర్‌కూ వెనకాల స్టిక్కర్ మీద ఒక అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటుంది, అదీ మార్చాలి. కెమెరాను బయటి నుంచి చూడటానికి కొందరు రౌటర్‌లో పోర్ట్ అనే దారి తెరిచిపెడతారు. యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే పరికరాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. అలా తెరిచిన కెమెరాలను వెతికి జాబితా చేసే షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ 2009 నుంచీ ఉంది. దొంగలకోసం పెట్టింది కాదు గానీ, అందులో వెతకడానికి ఎవరికీ అడ్డులేదు. పోర్టూ, యూపీఎన్‌పీ రెండూ మూసేశాను. యాప్‌లో ఫోన్‌కు ఓటీపీ వచ్చాకే తెరుచుకునే ఏర్పాటు ఉంటే అదీ పెట్టాను. రికార్డర్ సాఫ్ట్‌వేర్ పాతది, కంపెనీ ఇచ్చిన కొత్తది ఎక్కించడానికి ఒక చాయ్ తాగేంత సేపు పట్టింది.

ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. మిరాయ్‌కి లొంగిన కొన్ని చవక కెమెరాల్లో యజమాని తెర మీద పాస్‌వర్డ్ మార్చినా, లోపల కంపెనీ పెట్టిన ఇంకో పాస్‌వర్డ్ చెక్కుచెదరక అలాగే ఉండేది. దాన్ని యజమాని మార్చలేడు, చూడనూ లేడు. ఆ కెమెరాల్లో వాడిన విడిభాగాలు చేసిన చైనా కంపెనీ, అమెరికాలో అమ్మిన కొన్ని రకాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే పేరూ ఊరూ లేని కెమెరా 800 రూపాయలకు వస్తోందని ఎగబడేముందు, దీనికి సాఫ్ట్‌వేర్ మార్పులు ఎవరిస్తారు, ఎన్నాళ్లిస్తారు అని అడగాలి. జవాబు చెప్పేవాడు లేకపోతే దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా రికార్డింగ్‌కు మాత్రమే వాడుకోవడం మేలు.

ప్రభుత్వాలకు ఈ బాధ్యత గుర్తుకురావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఒకే పాస్‌వర్డ్‌తో పరికరాలు అమ్మకూడదని కాలిఫోర్నియా చట్టం 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్ చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చాయి. మన దేశంలో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో సీసీటీవీ కెమెరాలకు భద్రతా నిబంధనలు తెచ్చింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షకు నిలవనిదే కొత్త రకాలు అమ్మకూడదన్న ఆ నియమం, గడువు పొడిగించాక, 2025 ఏప్రిల్ 9 నుంచి అమలైంది. మంచి పని. అయితే అంతకుముందే మన గోడలెక్కిన కెమెరాలు గోడల మీదే ఉన్నాయి. వాటి దగ్గరికి ఏ ల్యాబూ రాదు.

అందుకే బిగించే పిల్లలతో మాట్లాడాలి. కోఠి గుజరాతీ గల్లీలో సరుకు కొని, మోటార్ సైకిల్ మీద తీగ చుట్టలు వేసుకొని ఊరూరా తిరిగే వీళ్లే మన ఇళ్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడ్డ మనుషులు. ఆసు యంత్రం సంగతి గుర్తు చేసుకోండి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారుచేశాడు. ఒక చీరకు 9 వేల సార్లు చెయ్యి తిప్పే కష్టం తప్పించాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఎవరు ముందు కూచుంటారో తెలిసిన మనిషి చేసిన యంత్రం అది. కెమెరా చేసినవాడికి అత్తమ్మ తెలియదు. బిగించే పిలగాడికి తెలుసు, ఆమె చేతి చాయ్ తాగి వెళ్లాడు. పని పూర్తయ్యాక ఇంటివాళ్ల ఎదుటే పాస్‌వర్డ్ మార్పించి, తన ఫోన్‌లోంచి తీసేసి, 'ఇక ఇది మీదే అత్తమ్మా' అని చెప్పి వెళ్లడం అతని పనిలో భాగం కావాలి. దానికి 100 రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వాలి.

ఎక్కడైనా ఇప్పటికే దృశ్యాలు బయటికి పోయాయని తెలిస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, దగ్గరి ఠాణాకు పోవాలి. మనిషి ఏకాంతాన్ని దొంగచాటుగా తీసి పంచితే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. రికార్డర్‌లో ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో రాసుకునే పట్టీ ఉంటుంది, దాన్ని చెరపకుండా పోలీసులకు ఇవ్వాలి. సిగ్గుపడాల్సింది చూసినవాడు.

సాయంత్రం బయల్దేరబోతుంటే అత్తమ్మ స్టూలు తెమ్మంది. కెమెరాను బీరువా వైపు తిప్పమంది. ఆసు, పరుపులు పరిచే జాగా రెండూ తెరలోంచి పోయేదాకా బావ ఫోన్ చూస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాడు. కోడలు కూడా వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసింది. రాత్రిపూట దాన్ని ఆపడం ఎట్లా అని అడిగి, ఆ యాప్ తన ఫోన్‌లోనూ ఎక్కించుకుంది.

నాలుగు మాటల పాస్‌వర్డ్‌ను అత్తమ్మ బావతో కాగితం మీద రాయించింది. మడతపెట్టి, ట్రంకుపెట్టె తీసి, డిజైను గీతల కాగితాల అడుగున పెట్టి, మూత వేసింది.